మూరెడు సీటు

బాసర గుడి దారిలో పూలమ్మే ఆడవాళ్లు దండను మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా చాచి కొలుస్తారు. ఆ మూర సుమారు 18 అంగుళాలు. ఎయిర్‌బస్ ఏ320 విమానం ఎకానమీలో రెండు హ్యాండ్‌రెస్టుల మధ్య మనిషికి దొరికే జాగా కూడా దాదాపు అంతే. బోయింగ్ 737లో అది ఇంకో అంగుళం తక్కువ. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయే వాళ్లలో చాలామంది శంషాబాద్‌లో విమానమెక్కి, దుబాయ్ దాకా నాలుగు గంటలు ఈ మూరలోనే ఒదిగి పోతారు.

ఆ మూరలో పట్టని మనిషి ఏం చేయాలి? ఇంట్లో పిల్లకు అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వచ్చిన ఒక బావకు, బామ్మర్దికి మధ్య ఈ ప్రశ్న మీదే వాదం నడిచింది. బావది బోధన్ దగ్గరి ఊరు. దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు, 130 కిలోల మనిషి. బామ్మర్దికి నిజామాబాద్‌లో టికెట్ల దుకాణం. సెలవు అయిపోవచ్చింది, బావకు తిరుగు టికెట్ తీయాలి. పూజ ముగించుకుని గోదావరి మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు బామ్మర్ది మెల్లగా ఎత్తాడు.

“ఈసారి నీకు రెండు సీట్లు తీస్త బావా.”

“ఎవలకు రెండు? నేనొక్కన్నే గదా పోయేది.”

“ఒక్కనివే. గని పోయినసారి ఎంత తిప్పలైందో నువ్వే చెప్పినవ్.”

పోయినసారి బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. హ్యాండ్‌రెస్ట్ కిందికి దిగలేదు. బెల్టు అందలేదు. సిబ్బంది పొడిగింపు బెల్టు తెచ్చి, ముందు వెనక వరుసల వాళ్లందరూ చూస్తుండగా చేతికిచ్చారు. నడిమి సీటు పిల్లగాడు మెట్‌పల్లి వైపు వాడు, మొదటిసారి పోతున్నాడు. “నాలుగు గంటలు చేతులు కట్టుకొని, భుజాలు ముడుసుకొని కూసున్న. వాడు అవుతలికి వంగి కూసున్నడు. ఇద్దరికీ మాటల్లేవు. వాడు నన్ను తిట్టుకున్నడు, నన్ను నేనే తిట్టుకున్న.”

“మరి వాని సంగతేంది బావా? వాడు సుత పైసలు పెట్టిండు. వీసాకు అప్పు చేసి పోయేటోడు. వానిది సుత మూరెడే. అండ్ల నువ్వు బెత్తెడు తీసుకుంటే వానికేం మిగిలింది?”

ఈ వాదాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. లావుపాటి ప్రయాణికుల తరఫున మాట్లాడేవాళ్లు చాలాసార్లు పక్క సీటు మనిషిని మరిచిపోతారు. అతను ఎవరి మీదా కోపంతో విమానమెక్కలేదు. కొనుక్కున్నది ఒక సీటు, దొరికింది ముప్పావు సీటు. అతని నష్టం నిజమైనదే.

బావ దాన్ని కాదనలేదు. “వానికి అన్యాయమైంది, ఒప్పుకుంట. గని అన్యాయం చేసింది నేనా? ఆ గీత గీసినోడు ఎవడు?”

గీత గీసిన చరిత్ర దాచిపెట్టిందేమీ కాదు. బోయింగ్ 777 ఎకానమీలో చాలా సంస్థలు మొదట్లో వరుసకు తొమ్మిది సీట్లు వేసేవి. అదే గొట్టంలో ఇప్పుడు ఎక్కువ సంస్థలు పది వేస్తున్నాయి. విమానం గోడలు అంగుళం కూడా జరగలేదు, సీట్లు మాత్రం ఇరుకైనాయి. 787ను వరుసకు ఎనిమిది సీట్లు హాయిగా పట్టేలా రూపొందించారు, లోకమంతా తొమ్మిదికి అలవాటు పడింది. జపాన్ ఎయిర్‌లైన్స్ మాత్రం అంతర్జాతీయ సర్వీసుల్లో ఎనిమిదే ఉంచింది. అంటే ఈ ఇరుకు విమానంతో పుట్టింది కాదు, కంపెనీ కూర్చుని నిర్ణయించింది. 2013లో ఎయిర్‌బస్ దూర ప్రయాణాలకు కనీసం 18 అంగుళాల సీటు ఉండాలని ప్రచారం చేసింది. 17 అంగుళాలకు బదులు 18 ఉంటే నిద్ర 53 శాతం మెరుగవుతుందని లండన్‌లో ఒక పరిశోధన కూడా చేయించింది. అప్పట్లో తన విమానాలు కాస్త వెడల్పు కాబట్టి అది దాని వ్యాపారానికి పనికొచ్చే మాట. తర్వాత అదే కంపెనీ తయారుచేసిన ఏ350లో వరుసకు పది సీట్లు బిగించిన సంస్థలూ వచ్చాయి.

బామ్మర్ది టికెట్ల మనిషి. అతనికి లెక్క తెలుసు.

“గీత గీసింది కంపెనీయే. గని ఎవలి కోసం గీసింది? మన తాతల కాలంల గల్ఫ్‌కు పోవాలంటే బొంబాయి దాక రైలుల పోయి, ఆడ దినాల కొద్ది పడి ఉండి పోయేటోళ్లు. ఇప్పుడు పొద్దుగాల బాసరల బండెక్కితే రాత్రికి దుబాయ్‌ల ఉంటున్నరు. గింత చవుకల ఎట్లయింది? సీట్లు దగ్గరికి జరిపితేనే అయింది.”

అందులో నిజముంది. 2003లో ఎయిర్ డెక్కన్‌తో మన దేశంలో చవక విమానాల కాలం మొదలైంది. ఏ320లో 30 వరుసలు, 180 సీట్లు వేసేవారు. ఇండిగో తన ఏ320 నియోల్లో ఇంకో వరుస ఇరికించి 186 చేసింది. సీట్ల వీపులు పలచన చేసి, వెనక వంటగది, మరుగుదొడ్డి సర్ది ఆ జాగా పిండారు. ఇంధనం ఖర్చు, పైలట్ జీతం, విమానాశ్రయం రుసుము అటూ ఇటూగా అంతే ఉంటాయి, పంచుకునే తలలు పెరుగుతాయి.

“నువ్వన్నట్టు వరుసకు ఆరు తీసేసి ఐదు పెడితే 186 కాదు, 155 అయితయి,” అన్నాడు బామ్మర్ది. “అంటే టికెట్ ఐదో వంతు పెరగాలె. 15,000 టికెట్ 18,000 అయితది. నీకది చిన్నగ కనవడొచ్చు. నడిమి సీటు పోరగానికి మూడు వేలంటే ఏందో ఎర్కేనా?”

“ఐదు పెట్టుమని ఎవలన్నరు? విమానం మొత్తం నా కొలతకు కుట్టుమంటున్ననా?” బావ గొంతు పెరిగింది. “రెండే రెండు వరుసలు. మూడు మూడు ఉన్న కాడ రెండు రెండు వేయుమంటున్న. ఎన్ని సీట్లు పోతయి? నాలుగు. నీ దగ్గర ఫోన్ ఉన్నది గదా, కొట్టు లెక్క.”

బామ్మర్ది కొట్టాడు. 186 పోయి 182. అందరి టికెట్ మీద పెంచితే 2.2 శాతం. 15,000 టికెట్ 15,330 అవుతుంది. ఆ రెండు వరుసల్లో ఎనిమిది మందికి 18 అంగుళాలకు బదులు 27 అంగుళాలు దొరుకుతాయి. బామ్మర్ది ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడ్డుపుల్ల వేసింది డబ్బు దగ్గర కాదు, మనుషుల దగ్గర.

“ఆ వరుస పెట్టినా నీకు దొరకది బావా. కాళ్లకు జాగా ఎక్కువున్న సీట్లను ఇప్పుడే ఎక్కువ పైసలకు అమ్ముతున్నరు. పొడుగోళ్లు కొంటున్నరా? పైసలున్నోళ్లు కొంటున్నరు. నీ వెడల్పు సీటు సుత సన్నటోడే కొనుక్కొని కాళ్లు మడుసుకొని పంటడు.”

“అందుకే రూల్ ఉండాలె. పిల్లలకు పెట్టలేదా?”

2024 ఏప్రిల్‌లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 12 ఏళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇచ్చి తీరాలని విమాన సంస్థలను ఆదేశించింది. అంతకుముందు ఆ సీట్లను కూడా ఎంపిక రుసుము పేరుతో అమ్ముకునేవారు. అమ్మకానికి పెట్టిన సీటు ఎవరికి ముందు దక్కాలో ప్రభుత్వం చెప్పగలదని, చెబితే కంపెనీలు వింటాయని ఆ ఆదేశం తేల్చింది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం రాసిన నిబంధనలూ ఈ కోవలోనివే.

కెనడా ఇంకొక అడుగు వేసింది. 2008 జనవరిలో అక్కడి రవాణా ఏజెన్సీ, ఎయిర్ కెనడా, వెస్ట్‌జెట్ సంస్థల దేశీయ ప్రయాణాలకు ‘ఒక మనిషి, ఒక టికెట్’ అని ఆదేశించింది. వైకల్యం వల్ల తోడు మనిషి అవసరమైనా, ఊబకాయమే వైకల్యం స్థాయికి చేరి రెండో సీటు అవసరమైనా అదనపు ఛార్జీ తీసుకోకూడదు. కంపెనీలు సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. అదే ఏడాది నవంబర్‌లో కోర్టు వాళ్ల అప్పీలును విననే లేదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ రెండో సీటు డబ్బు ప్రయాణం తర్వాత వెనక్కి ఇచ్చే పద్ధతిని ఏళ్ల తరబడి నడిపింది. హ్యాండ్‌రెస్ట్ దించితే పడతారా లేదా అన్నదే కొలత. 2026 జనవరి 27 నుంచి దాన్ని బిగించింది. ఇప్పుడు రెండో సీటు ముందే కొనాలి, విమానంలో ఖాళీ సీటు మిగిలితేనే డబ్బు వెనక్కి వస్తుంది.

“సూశినవా, ఇచ్చినోళ్లే వెనుకకు తీసుకుంటున్నరు,” అన్నాడు బామ్మర్ది. “మంచితనం మీద నడిచే పద్ధతి గట్లనే అయితది. సమోవా దేశంల ఒక చిన్న కంపెనీ 2013ల మనిషిని తూకం వేసి కిలోకింతని టికెట్ అమ్మింది. అది సూటిగున్నది.”

“నన్ను బస్తా లెక్క తూకం వేస్తవా?”

ఆ సమోవా ఎయిర్ నడిపినవి పదిమంది పట్టే చిన్న విమానాలు, అక్కడ ప్రతి కిలో లెక్కలోకి వచ్చేది. 186 మంది ఎక్కే విమానంలో చిక్కు బరువుది కాదు, వెడల్పుది. ఈ రెంటినీ కలిపేస్తే వాదం ప్రతిసారీ పక్కదారి పడుతుంది.

మన దేశంలో ఉన్న వెసులుబాటు కరోనా పుణ్యమా అని వచ్చింది. 2020 జూలైలో ఇండిగో, పక్కన ఎవరూ కూర్చోకూడదనుకునే వాళ్ల కోసం ఒకే పేరు మీద రెండు సీట్లు అమ్మడం మొదలుపెట్టింది. రెండో సీటుకు అసలు టికెట్‌లో 25 శాతం వరకే తీసుకుంటామంది. ఏజెంట్ల దగ్గర కాకుండా కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే పెట్టింది. అంటే రెండో సీటును పావు ధరకు ఇవ్వడం కంపెనీకి అసాధ్యమేమీ కాదు. వైరస్ భయానికి ఇవ్వగలిగింది పెద్ద శరీరానికి ఎందుకు ఇవ్వకూడదో కంపెనీలే చెప్పాలి.

అప్పటిదాకా పిల్లను ఆడిస్తూ వింటున్న అక్క, అంటే బావ భార్య, తమ్ముడి వైపు తిరిగింది.

“తమ్మీ, మీ బావ సంగతి పక్కన పెట్టు. నేను లావా?”

ఆమె లావు కాదు, పొట్టి. కూతురి కాన్పుకని గల్ఫ్ మీదుగా డాలస్ పోయింది. రెండో విమానమే దాదాపు 16 గంటలు. “కాళ్లు నేలకు ఆనలే. నడుము దగ్గర అటో గుద్దు, ఇటో గుద్దు. దిగినంక రెండు దినాలు కాళ్ల వాపు తగ్గలే. ఆడోళ్లకు తుంట్లు వెడల్పుంటయి, భుజాలు కాదు. ఆ సీటు కొలిచినోడు ఏ ఆడదాన్ని కూసుండవెట్టి కొలిచిండు?”

సీటు మాట రాగానే అందరికీ మగవాడి పొట్టే గుర్తుకొస్తుంది. కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు సగటున ఆడవాళ్లదే ఎక్కువ, హ్యాండ్‌రెస్ట్ ఒరుసుకునేది అక్కడే. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలు దాటి కదలకుండా ప్రయాణిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి. ఊబకాయం ఉన్నవాళ్లకు, 1.9 మీటర్లకు మించి పొడుగున్నవాళ్లకు, 1.6 మీటర్ల కంటే పొట్టిగా ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువని అందులో ఉంది. 1.6 మీటర్లంటే అయిదడుగుల మూడంగుళాలు. మన ఊళ్ల తల్లుల్లో ఎక్కువమంది ఆ గీతకు కిందే ఉంటారు. కాన్పులకూ, మనవలను చూసుకోవడానికీ సముద్రాలు దాటుతున్నది వాళ్లే.

“తిండి తగ్గించుకొమ్మని అంటరు అందరు,” అన్నాడు బావ. “క్రేన్ల పన్నెండు గంటలు కూసునేటోనికి ఒళ్లు రాకేమైతది? తగ్గిస్త, డాక్టర్ సుత చెప్పిండు. గని వచ్చే బుధవారం విమానం వరకు తగ్గుతనా?”

అతనొక్కడే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నట్టు తేలింది. వీళ్లందరికీ సీటు చాలదని కాదు. కానీ ప్రయాణికుల ఒళ్లు ఒకవైపు పెరుగుతుంటే సీటు ఇంకోవైపు తగ్గుతోంది. అమెరికా అప్పీల్ కోర్టు 2017లో ఈ విషయం మీదే అక్కడి విమానయాన శాఖను నిలదీసింది. 2000ల మొదట్లో సుమారు 18.5 అంగుళాలున్న సీటు వెడల్పు పదేళ్లలో 17కు వచ్చిందని, వరుసల మధ్య దూరం సగటున 35 అంగుళాల నుంచి 31కి దిగిందని తన ముందుకొచ్చిన వివరాలను తీర్పులో రాసింది. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్, కనీస కొలతలు ఖాయం చేయమని చట్టమే చేసింది. ఆ కొలతలు ఇంకా రాలేదు. విమానాన్ని 90 సెకన్లలో ఖాళీ చేయగలగాలన్నది పాత నియమం. ఇరుకు సీట్లతో అది సాధ్యమేనని చూపడానికి చేసిన పరీక్షల్లో పాల్గొన్నవాళ్లంతా 60 ఏళ్లలోపు ఆరోగ్యవంతులే. మోకాళ్ల నొప్పులున్న అమ్మలూ, 130 కిలోల క్రేన్ డ్రైవర్లూ ఆ పరీక్షలో లేరు. భద్రత పేరుతో చేసిన పరీక్షలో సాయం ఎక్కువ అవసరమయ్యేవాళ్లే లేకపోవడం పెద్ద లోపం.

బామ్మర్ది మెత్తబడ్డాడు గానీ దుకాణం బుద్ధి పోలేదు. “ఇవన్ని అమెరికా ముచ్చట్లు. మన కాడ సీటు మీద ఎవడు కేసు వేసిండు?”

“వేసిండ్రు. హైదరాబాద్‌లనే. మన డీజీపీయే వేసిండు.”

అది 2023 మే నాటి సంగతి. అప్పటి తెలంగాణ పోలీసు అధికారి, తర్వాత డీజీపీ అయిన రవి గుప్తా, ఆయన భార్య సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియా పోయారు. బిజినెస్ తరగతిలో వాళ్ల సీట్లు వెనక్కి వాలే మీటలు పనిచేయలేదు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్ ఒక్కొక్కరికి 48,750 రూపాయలు వడ్డీతో వాపసు చేయాలని, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

“గది బిజినెస్ క్లాస్ బావా. వాలే సీటు అని చెప్పి అమ్మిండ్రు, వాలలే. మాట తప్పిండ్రు గనుక పైసలు కట్టుమన్నరు. నీకు ఎకానమీల ఎన్ని అంగుళాలిస్తమని చెప్పిండ్రు? ఏం చెప్పలే. చెప్పనిదానికి తప్పేం పడుతది?”

“గదే నేనంటున్న. చెప్పకపోవుడే తప్పు. బ్యాగు ఎన్ని కిలోలో చెప్తరు, ఒక్క కిలో ఎక్కువైతే పైసలు గుంజుతరు. నేను కూసునే జాగ ఎన్ని అంగుళాలో టికెట్ మీద ఎందుకు రాయరు?”

వాదమంతటిలో ఇదే ముఖ్యమైన మాట. టికెట్ కొనేచోట ప్రయాణ సమయం, సంచి బరువు, భోజనం, బీమా అన్నీ కనబడతాయి. సీటు వెడల్పు మాత్రం విమానమెక్కి కూర్చున్నాక తుంటికి తగిలితేనే తెలుస్తుంది. అప్పటికి ఎవరికీ ఏ దారీ మిగలదు. ఇక ఆ మూరెడు జాగా కోసం మిగిలేది పక్కపక్కనున్న ఇద్దరి పోట్లాట. గీత గీసిన మూడోవాడు ఆ వరుసలో ఉండడు. వెడల్పును ఛార్జీ పక్కనే అచ్చు వేయమని డీజీసీఏ ఒక్క ఆదేశమిస్తే ఖర్చేమీ కాదు. కనీసపు కొలతల గొడవ ఏళ్లు పట్టినా ఇది రేపే చేయవచ్చు.

ఆ లోపు బామ్మర్ది ఫోన్‌లో టికెట్లు వెతికాడు. అదే రోజు, దాదాపు అదే ధర, రెండు విమానాలు. ఒకటి 737, ఇంకొకటి ఏ320. ఇన్నేళ్లలో గిరాకీకి విమానం రకం చూసి టికెట్ తీసింది లేదు. ఏ320 తీద్దామన్నాడు. మొదటి వరుస వద్దన్నాడు, అక్కడ భోజనం బల్ల హ్యాండ్‌రెస్ట్‌లోనే ఉంటుంది కాబట్టి అది పైకి లేవదు. నడవ పక్క సీటైతే చాలా విమానాల్లో ఆ వైపు హ్యాండ్‌రెస్ట్ కింద చిన్న మీట ఉంటుంది, సిబ్బందిని అడిగితే లేపుతారు. పొడిగింపు బెల్టును తలుపు దగ్గరే అడిగి తీసుకుంటే అందరి ముందూ చేయెత్తి పిలవాల్సిన పని లేదు. దానికి డబ్బు తీసుకోరు.

“రెండో సీటు సుత అడుగుదాం, కంపెనీకే ఫోన్ చేసి,” అన్నాడు.

“అడుగు. పైసలిస్త. గని రసీదు నా పేరు మీద వేరేగ కావాలె.”

“ఎందుకు?”

“సర్కారు ఎయిర్‌సేవ పోర్టల్‌ల ఫిర్యాదు పెడుత. జవాబు రాకుంటే వినియోగదారుల కమిషన్‌కు పోత.”

“ఓడిపోతవ్ బావా. రాసిన మాట తప్పితేనే గెలుస్తరు.”

“ఓడిపోని. కేసులనన్న ఆ సీటు ఎన్ని అంగుళాలో వాళ్లు కాయితం మీద రాసియ్యాలె గదా.”

బామ్మర్ది ఇప్పటికీ ఒప్పుకోలేదు. రెండో సీటు ఉచితంగా ఇస్తే ఆ భారం మిగిలిన 184 మంది మీద పడుతుందన్న మాట మీదే ఉన్నాడు. అయినా 2019 వినియోగదారుల చట్టం కింద హైదరాబాద్ పోనక్కర్లేదని, ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చని, రెండేళ్ల గడువు ఉంటుందని చెప్పి, నిజామాబాద్ కమిషన్‌లో తెలిసిన వకీలు నంబరు బావకు పంపాడు.